యాక్షన్ సినిమా 4కె డిస్క్‌లో బొమ్మ, శబ్దం నాణ్యతను ఎలా అంచనా వేయాలి?

ఇటీవల ఒక పాత యాక్షన్ సినిమా 4కె బ్లూ-రే డిస్క్ కొన్నాను. ఫిల్మ్ మీద తీసిన సినిమా కాబట్టి బొమ్మలో సన్నని గ్రెయిన్ (ఫిల్మ్‌కు సహజమైన ఇసుక రేణువుల్లాంటి చుక్కలు) కనిపించాలి. కానీ దగ్గరి షాట్లలో హీరో ముఖం మైనం పూసినట్టు నున్నగా ఉంది, గడ్డం వెంట్రుకలు కూడా ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఆ గ్రెయిన్‌ను డిస్క్ తయారీలోనే తుడిచేశారా, లేక నా టీవీలోని నాయిస్ రిడక్షన్ (బొమ్మలోని చుక్కలను తగ్గించే సెట్టింగ్) వల్ల ఇలా కనిపిస్తోందా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. సినిమా మోడ్ పెట్టి, మోషన్ స్మూతింగ్ (కదలికలను మరింత సాఫీగా చూపే సెట్టింగ్) ఆపి, షార్ప్‌నెస్ తగ్గించి చూసినా పెద్దగా తేడా రాలేదు. 2కె మాస్టర్ (4కె కన్నా తక్కువ పిక్సెళ్ల మూల ప్రతి) నుంచి పెంచి చేసిన 4కె డిస్కులూ ఉంటాయి కనుక, అట్ట మీది 3840×2160 అనే పిక్సెళ్ల అంకెను మాత్రమే నమ్మలేను.

శబ్దం సంగతి నన్ను మరింత బాధిస్తోంది. పేలుళ్లకు కిటికీ అద్దాలు అదురుతాయి, ఆ వెంటనే వచ్చే గుసగుస మాటలు మాత్రం వినిపించక ప్రతిసారీ రిమోట్ అందుకోవలసి వస్తోంది. థియేటర్ కోసం చేసిన మిక్స్‌లో (మాటలు, సంగీతం, శబ్దాల కలగలుపులో) ఇలాంటి హెచ్చుతగ్గులు సహజమే. అయితే అది మిక్స్ స్వభావమా, నా సెంటర్ స్పీకర్ (మాటలు ఎక్కువగా వినిపించే మధ్య స్పీకర్) స్థాయిలో లోపమా అని పరీక్షించడం ఎలా? పొగ, చీకటి నిండిన సన్నివేశాల్లో ముందుగా ఏమి గమనించాలో కూడా అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.