సొంత కారు పని చేత్తో నేర్చుకోవాలి, పాలమూరులో ఎలా మొదలుపెట్టాలి?

పాలమూరు_స్టూడెంట్
అన్నలకు, అక్కలకు నమస్తే. మాది మహబూబ్‌నగర్, డిగ్రీ రెండో సంవత్సరం. ఇంట్లో నాన్న పాత వ్యాగన్ఆర్ పెట్రోల్ బండి ఉంది, ఎక్కువగా నిలబడే ఉంటుంది. దాని మీదే పని నేర్చుకోవాలని ఉంది. ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ, ఇంతవరకు వస్తే చాలు. సెలవుల్లో ఏదైనా షెడ్డులో చేరడం మంచిదా, వీడియోలు చూసి ఇంట్లోనే చేసుకోవచ్చా? ముందు ఏ పానాలు కొనాలి? ఇంకోటి, నాన్న రేడియేటర్‌లో బోరు నీళ్లే పోస్తారు. కూలెంట్‌కు మారాలంటే ఏం చేయాలి?

నకిరేకల్_మేస్త్రీ
షెడ్డులో చేరు తమ్ముడూ, వేరే ఆలోచన వద్దు. నట్టు ఎక్కడ ఆపాలో వీడియో చెప్పదు, చెయ్యి చెప్పాలి. ఆయిల్ డ్రెయిన్ బోల్టునే తీసుకో. కొత్త పిల్లలు లీక్ అవుతుందేమోనని బలమంతా పెట్టి బిగిస్తారు, మరలు పోతాయి, తర్వాత ఆయిల్ నిలిచే సంప్ మొత్తం దించాలి. వాషర్ ప్రతిసారీ కొత్తది వేయాలి. ఫిల్టర్‌కైతే పానానే ముట్టకూడదు. రబ్బరు రింగుకు కొంచెం కొత్త ఆయిల్ రాసి, చేత్తో తిప్పి, రింగు ఆనాక ఇంకో ముప్పావు చుట్టు తిప్పితే చాలు. విజయవాడ హైవే మీద ఆగిపోయిన బండ్లు మా దగ్గరికే వస్తాయి, ఇంట్లో చేసుకున్న పనుల గతి రోజూ చూస్తున్నా.

మిర్యాలగూడ_ట్యాక్సీ
షెడ్డులో చేరమని చెప్పడం సులువు. అక్కడ ఏం నేర్పుతారో కూడా చెప్పండి. పదో తరగతి అయ్యాక నేనూ చేరాను. పొద్దున షట్టర్ ఎత్తడం, చాయ్ తేవడం, డీజిల్‌లో పార్టులు కడగడం, సాయంత్రం ఊడ్వడం. వాల్వ్ సెట్టింగ్ మొదలయ్యే సమయానికి ఉస్తాద్ నన్ను కావాలనే స్పేర్ పార్టుల దుకాణానికి పంపేవాడు. జీతం అడిగితే "పని నేర్పుతున్నా కదరా" అనేవాడు. ఆ పని ఆయన నేర్పలేదు. తర్వాత నా సొంత బండి విప్పుకుని నేర్చుకున్నా. తమ్ముడూ, నీ బండి నీ ఇంట్లో ఉంది, నీకు ఉస్తాద్ అక్కర్లేదు.

నకిరేకల్_మేస్త్రీ
ఒక మనిషి చేసిన దానికి మేస్త్రీలందరినీ అనకండి. నా దగ్గర నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు చిట్యాలలో, కోదాడలో సొంత షెడ్లు నడుపుతున్నారు. పార్టులు కడగడం కూడా చదువే. ఏ బేరింగ్ ఎట్లా అరిగిందో కడిగినవాడికే కనిపిస్తుంది.

మిర్యాలగూడ_ట్యాక్సీ
కడిగినవాడికి చూపించి చెప్పే మనిషి పక్కన ఉంటే కనిపిస్తుంది. చెప్పకుండా కడిగిస్తే అది కూలి పని, కూలి డబ్బులివ్వాలి.

మర్రిగూడ_బిడ్డ
అన్నిటికన్నా ముందు ఆ బోరు నీళ్లు ఆపించు తమ్ముడూ! మా దగ్గరి బండ్ల రేడియేటర్లు విప్పితే గొట్టాల్లో తెల్లగా పెంకు కట్టి ఉంటుంది, పుల్ల కూడా దూరదు. అంతా ఫ్లోరైడ్. మా మునుగోడు, మర్రిగూడ నీళ్లు మనుషుల ఎముకలనే వంచాయి, ఇనుము ఒక లెక్కా?

నల్గొండ_కెమిస్ట్రీ_సార్
ఒక్క సవరణ. ఆ తెల్ల పెంకు ఫ్లోరైడ్ వల్ల వచ్చింది కాదు. నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి విడిపోయి గొట్టాల లోపల అంటుకుంటాయి. నీళ్ల కాఠిన్యం అంటే అదే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితేనే ఫ్లోరైడ్ మనిషికి హాని చేస్తుంది. అంత కొద్ది పరిమాణంతో గొట్టం పూడుకుపోదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి ఫ్లోరైడ్ తగ్గించే నల్గొండ టెక్నిక్ మన జిల్లా పేరు మీదే ఉంది. అట్లా శుద్ధి చేసిన నీళ్లను కూడా రేడియేటర్‌లో పోయకూడదు. ఫ్లోరైడ్ తగ్గినంత మాత్రాన కాఠిన్యం పోదు.

మర్రిగూడ_బిడ్డ
మిల్లీగ్రాముల లెక్క మాకు చెప్పకండి సార్. మా పెద్దమ్మ నడుము వంగిపోయి మళ్లీ నిలబడలేదు. ఫ్లోరైడ్‌తో ఏమీ కాదని ఎవరన్నా నేను ఊరుకోను.

నల్గొండ_కెమిస్ట్రీ_సార్
ఫ్లోరైడ్‌తో ఏమీ కాదని నేను అనలేదమ్మా, ఎప్పటికీ అనను. నేనూ ఈ జిల్లాలో పుట్టినవాణ్ణే. రేడియేటర్ పాడవడానికి కారణం వేరని మాత్రమే చెప్పాను. కారణం తప్పుగా పట్టుకుంటే పిల్లవాడు ఫ్లోరైడ్ లేని బోరు చూసుకుని అవే కఠిన జలం పోస్తాడు.

జడ్చర్ల_జంక్షన్
మరి భగీరథ నల్లా నీళ్లు పోయొచ్చా?

నల్గొండ_కెమిస్ట్రీ_సార్
బోరు కన్నా నయమే కానీ అందులోనూ లవణాలుంటాయి, క్లోరిన్ ఉంటుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఏ పెట్రోల్ బంకులోనైనా దొరుకుతుంది.

దేవరకొండ_డీజిల్
నీళ్ల గురించి ఇంత పంచాయితీ ఎందుకు? థర్మోస్టాట్ వాల్వ్ పీకి పారేయండి, బండి వేడెక్కడమే ఉండదు. మన ఎండలకు అది అవసరం లేదు, చలి దేశాల కోసం పెట్టింది. ఇరవై ఏళ్లుగా డీజిల్ బండ్లు చేస్తున్నా, నా దగ్గరికి వచ్చిన ప్రతి బండికీ తీసేశా. ఒక్కరు కూడా ఫిర్యాదు చేయలేదు.

ఐటీఐ_మాజీ_ఇన్‌స్ట్రక్టర్
ఈ సలహా ఎవరూ పాటించవద్దని చేతులు జోడించి అడుగుతున్నా. థర్మోస్టాట్ చలి దేశాల కోసం పెట్టింది కాదు. ఇంజిన్ పని చేయాల్సిన వేడికి త్వరగా చేరాలని, ఆ వేడి దగ్గరే నిలవాలని పెట్టింది. చాలా బండ్లలో అది 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలవుతుంది. తీసేస్తే ఇంజిన్ ఎప్పుడూ చల్లగానే నడుస్తుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో తేమ ఆవిరి కాక బురద కడుతుంది, సిలిండర్లు తొందరగా అరుగుతాయి. కొన్ని ఇంజిన్లలో ఆ వాల్వే బైపాస్ దారిని మూస్తుంది. అలాంటి వాటిలో దాన్ని తీసేస్తే నీళ్లు కొంత రేడియేటర్‌కు పోకుండానే తిరిగి ఇంజిన్‌లోకి వస్తాయి, ఘాట్ ఎక్కేటప్పుడు వేడి ఇంకా పెరుగుతుంది.

దేవరకొండ_డీజిల్
పుస్తకం పట్టుకున్నోళ్లకు రోడ్డు మీద బండి ఆగితే ఏం చేయాలో తెల్వదు. డిండి దాటాక రాత్రి పూట వాల్వ్ ఇరుక్కుపోతే మీ 82 డిగ్రీలు పనికొస్తాయా?

ఐటీఐ_మాజీ_ఇన్‌స్ట్రక్టర్
రోడ్డు మీద ఇరుక్కుపోతే తీసి ఇంటికి రండి, దాన్ని నేను తప్పు పట్టను. ఇంటికి వచ్చాక కొత్తది వేయాలి. ఇరుక్కుపోయిన వాల్వ్ మార్చడం ఒక పని. బాగున్న వాల్వ్ పీకేయడం ఇంకొకరి ఇంజిన్ ఆయుష్షు తగ్గించడం. ఫిర్యాదు రాలేదంటే మైలేజ్ ఎందుకు తగ్గిందో ఆ ఓనర్‌కు తెలియలేదనే అర్థం. పానా పట్టి కాయలు కాసిన చేతులే నావి కూడా, పుస్తకం మాత్రమే పట్టినవాణ్ణి కాను.

మిర్యాలగూడ_ట్యాక్సీ
ఇందుకే ఒక్క ఉస్తాద్ మాటే వేదం అనుకోవద్దని చెప్పేది.

సూర్యాపేట_అక్క
మీ గొడవలో ఆ పిల్లవాడికి ప్రాణం కాపాడే మాట ఒక్కరూ చెప్పలేదు. తమ్ముడూ, జాకీ మీద నిలబెట్టిన బండి కిందకు తల, భుజం, చెయ్యి ఏదీ పెట్టకు. జాకీ టైరు మార్చడానికి మాత్రమే. కిందకు దూరాలంటే బండి బరువు మోసే స్టాండ్లు కావాలి, అవి గట్టి నేల మీద ఉండాలి, మట్టి వాకిట్లో కాదు. హ్యాండ్ బ్రేక్ వేసి, నేల మీదే ఉండే చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టు. స్టాండ్ల మీద దించాక ఒకసారి ఊపి చూసి, తర్వాతే కిందకు వెళ్లు.

మా బండి బ్రేక్ ప్యాడ్లు నేనే మారుస్తా. మొదట్లో షెడ్డుకు వెళ్లి నేర్పమంటే "మీ సార్‌ను పంపండి మేడమ్" అన్నారు. పక్క ఊరి మేస్త్రీ ఒకాయన మాత్రం ప్యాడ్లను పట్టి నొక్కే కాలిపర్ బోల్టు నా చేతికిచ్చి నువ్వే విప్పమ్మా అన్నాడు. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఎవరి బండి కీచుమన్నా ముందు నా దగ్గరికే వస్తారు. చెప్పాలంటే గర్వంగా ఉంటుంది.

ప్యాడ్లు మార్చాక బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. ఇది మర్చిపోతే మొదటి తొక్కుకు బ్రేక్ పడదు, గోడకు పోయి తగులుతుంది.

వనపర్తి_స్విఫ్ట్
అక్కా, కాలిపర్ పిస్టన్ వెనక్కి నొక్కినప్పుడు డబ్బాలో బ్రేక్ ఆయిల్ పొంగుతుంది కదా, ఏం చేస్తారు?

సూర్యాపేట_అక్క
ముందే కొంచెం సిరంజితో తీసేస్తా. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి, రంగు లేచిపోతుంది.

ఐటీఐ_మాజీ_ఇన్‌స్ట్రక్టర్
తీసిన ఆయిల్ మళ్లీ పోయకండి. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155కే మరిగే స్థితికి వస్తుంది. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తబడితే అనుమానించాల్సిన వాటిలో ఇది మొదటిది. రెండేళ్లకొకసారి మార్చండి.

జడ్చర్ల_జంక్షన్
ఇవన్నీ పాత బండ్ల కబుర్లు అన్నా. 2020 ఏప్రిల్ 1 తర్వాతి బీఎస్ 6 (కొత్త పొగ నిబంధనల) బండి తెచ్చి చూపించండి. స్కానర్ లేకుండా ఏం చేస్తారు? నా డీజిల్ బండికి డీపీఎఫ్ (పొగలో మసి పట్టే ఫిల్టర్) లైటు వెలిగింది. సర్వీస్ సెంటర్‌లో ఫిల్టరే మార్చాలని పెద్ద బిల్లు చెప్పారు. తెలిసినతను బెంగళూరు హైవే మీద ఒకే వేగంతో పెబ్బేరు దాకా పోయి రమ్మన్నాడు. లైటు ఆరిపోయింది. ఊళ్లో తక్కువ దూరాలు తిరిగితే మసి కాలడానికి కావాల్సిన వేడి రాదు, అంతే సంగతి. అంత బిల్లు ఎట్లా రాశారో ఇప్పటికీ కోపం వస్తుంది.

దేవరకొండ_డీజిల్
ఆ ఫిల్టర్ లోపలిది పీకేస్తే...

ఐటీఐ_మాజీ_ఇన్‌స్ట్రక్టర్
అది చట్టవిరుద్ధం. దయచేసి ఇక్కడ రాయకండి.

మర్రిగూడ_బిడ్డ
తమ్ముడు అడిగిన కూలెంట్ సంగతి ఎవరూ చెప్పలేదు, నేనే చెప్తా. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తియ్యి. లోపల ఒత్తిడి ఉంటుంది, వేడి మీద తీస్తే ముఖం కాలుతుంది. పాత నీళ్లు కింది నుంచి వదిలెయ్యి. డిస్టిల్డ్ వాటర్ నింపి, హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి, కాసేపు నడిపి, చల్లారాక మళ్లీ వదిలెయ్యి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇదే పని. తర్వాత మాన్యువల్‌లో రాసిన రకం కూలెంటే పోయాలి, రంగు చూసి కొనకు. నీళ్లు కలపాల్సిన రకమా, నేరుగా పోసే రకమా అన్నది డబ్బా మీద చదువు. పెంకు కరగాలని బాత్రూమ్ యాసిడ్ మాత్రం పోయకు, అల్యూమినియాన్ని తినేస్తుంది. బోరు నీళ్లతో ఏళ్ల తరబడి నడిచిన బండి కాబట్టి పెంకు పోయాక సన్న లీకులు బయటపడొచ్చు, ముందే నాన్నకు చెప్పి ఉంచు. వదిలిన కూలెంట్ వాకిట్లో పారబోయకు. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం.

నల్గొండ_కెమిస్ట్రీ_సార్
చాలా బాగా చెప్పావమ్మా. ఒక్క అక్షరం మార్చక్కర్లేదు.

పాలమూరు_స్టూడెంట్
అందరికీ థ్యాంక్స్. నాన్నకు చదివి వినిపించా, డిస్టిల్డ్ వాటర్‌కు ఒప్పుకున్నారు. పానాల గురించి కూడా చెప్పండి. ఐటీఐలో చేరమని మామయ్య అంటున్నాడు, అది ఎన్నేళ్లు?

ఐటీఐ_మాజీ_ఇన్‌స్ట్రక్టర్
మోటార్ మెకానిక్ వెహికల్ ట్రేడ్ రెండేళ్లు, డీజిల్ మెకానిక్ ఏడాది. పదో తరగతి పాసైతే చాలు. కానీ ఇంటి బండి కోసమే అయితే డిగ్రీ వదిలి రాకు నాయనా. ఇదే బతుకుతెరువు అనుకుంటే రా, ఆ తర్వాత అప్రెంటిస్‌షిప్ తప్పక చెయ్యి.

వనపర్తి_స్విఫ్ట్
8 నుంచి 19 దాకా రింగు పానాలు, ఒక సాకెట్ సెట్టు, ప్లగ్గు పానా, రెండు స్టాండ్లు, ఎంత బలంతో బిగించాలో కొలిచే టార్క్ రెంచ్. పానాలు చవకవి కొనకు, నట్టు మూలలు గుండ్రంగా అయిపోతాయి.

నకిరేకల్_మేస్త్రీ
టార్క్ రెంచ్ ఎందుకు దండగ? చెయ్యి చాలు.

వనపర్తి_స్విఫ్ట్
మొదటి పోస్టులో మీరే రాశారు కదా అన్నా, కొత్తవాళ్లు బలమంతా పెట్టి మరలు పోగొడతారని? చెయ్యి కుదిరేదాకా వాళ్లకు అది కావాలి.

నకిరేకల్_మేస్త్రీ
కొత్తవాళ్లకైతే సరే. చక్రం నట్లకు వాడమను, ఎదురెదురుగా బిగించమను. తమ్ముడూ, సెలవుల్లో నకిరేకల్ వైపు వస్తే మెసేజ్ పెట్టు. చాయ్ తెచ్చే పని ఉండదు, బండి కింద నా పక్కనే ఉంటావు.

మిర్యాలగూడ_ట్యాక్సీ
ఆ మాట నిలబెట్టుకుంటే మా తమ్ముణ్ణి కూడా పంపుతా అన్నా. నిజంగానే అడుగుతున్నా.

నకిరేకల్_మేస్త్రీ
పంపు. రోజు కూలి కూడా ఇస్తా.

జడ్చర్ల_జంక్షన్
ఇన్నోవా ఎడమ ముందు చక్రం దగ్గర స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా టక్ టక్ అంటోంది, ఎవరికైనా ఐడియా ఉందా?

సూర్యాపేట_అక్క
ముందు చక్రం దగ్గర సస్పెన్షన్‌లో ఉండే స్టెబిలైజర్ లింకు చూడండి. బండి ఆపి లింకును చేత్తో పట్టి ఊపితే వదులు తెలుస్తుంది.