అప్‌డేట్: గల్గిబాగ వెళ్లొచ్చాం

గోవాలో పాలోలెంలో దిగుతున్నాం, అమ్మానాన్నలతో కాసేపు కూర్చోవడానికి గోల లేని బీచ్ దగ్గర్లో ఉందా అని డిసెంబర్‌లో అడిగాను కదా. గల్గిబాగ పేరు చెప్పినవాళ్లకి నిజంగా రుణపడి ఉంటాను.

పొద్దున్నే ట్యాక్సీలో బయల్దేరాం. తల్పోణ నది దాటాక ఊరి దారి, ఆపైన సరుగుడు తోపు. ఆ నీడ చూడగానే అమ్మ "అచ్చం మన బాపట్ల వైపులా ఉంది" అంది. తోపు దాటితే పొడవాటి ఇసుక, ఇద్దరు ముగ్గురు మనుషులు, అంతే. పాలోలెంలో రాత్రి మోగిన పాటల తర్వాత ఆ నిశ్శబ్దానికి నాన్న చాలాసేపు మాట్లాడనే లేదు.

ఇది ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం. అటవీ శాఖవాళ్లు గూళ్ల చుట్టూ వల కట్టారు. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. దయచేసి ఆ వలల దగ్గరికి వెళ్లకండి, చెత్త వదలకండి, రాత్రిపూట లైట్లు వెయ్యకండి. వెలుతురుకి పిల్లలు సముద్రం దారి తప్పుతాయి.

తిరుగు బండి అక్కడ దొరకడం కష్టం, ట్యాక్సీని ఆపుకోండి. మంచినీళ్లు, టోపీలు తీసుకెళ్లండి. అల జోరుగా ఉంది, మేం మోకాలి లోతు దాటలేదు.