ఇంటి కొలిమికి పాత లారీ కమాను పట్టీలా, రకం తెలిసిన కొత్త ఉక్కా?

కొత్త కొలిమి:
సభ్యులందరికీ నమస్కారం. ఇంటి వెనుక రేకుల షెడ్డులో చిన్న కొలిమి పెట్టుకుని, తోటపనికి కావలసిన కొడవళ్లు, చిన్న గొడ్డళ్లు, వంటింటి కత్తులు స్వయంగా చేయడం నేర్చుకోవాలని సంకల్పించాను. దాగలి (కాల్చిన ఇనుమును పెట్టి కొట్టే దిమ్మె) మొదలుకొని ఉక్కు వరకు వీలైనంత సామగ్రిని పాత ఇనుము కొట్లలోనే సేకరించాలని నా ఆలోచన. అయితే నేను సలహా అడిగినవారు రెండుగా చీలిపోయారు. లారీ కమాను పట్టీని (బండి బరువు మోసే వంపు స్ప్రింగు పట్టీని) మించిన ఉక్కు కొత్తవారికి లేదని కొందరు, దానిలో ఏముందో తెలియకుండా కాల్చి కొట్టడం వృథా శ్రమ అని మరికొందరు అంటున్నారు. ఈ పని తెలిసినవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమ్మెట:
మా ఇంట కమ్మరం తరతరాల వృత్తి. లారీలు పల్లెదారి పట్టిన నాటినుంచి మా వైపు కొలుములలో కొడవలికీ, గొడ్డలికీ, కత్తికీ కమాను పట్టీయే ఆధారం. రైతు వరి కోతకు తీసుకుపోయిన కొడవలి ఏడాది తిరిగేసరికి పదును కోసం మళ్లీ మా దగ్గరికే వస్తుంది కాబట్టి, ఆ ఉక్కు ఎక్కడ అరిగిందో, ఎక్కడ వంగిందో మాకు కళ్లారా తెలుస్తుంది. ఇన్నేళ్ల వాడకంలో నిలబడిన లోహాన్ని తుక్కు అని తీసిపారేయడం నాకు బాధ కలిగిస్తుంది.

కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. విరిగినందువల్ల తీసేసిన పట్టీల కట్ట కంటే, బరువుకు సాగి వంపు తగ్గినందువల్ల మార్చిన కట్ట మంచిది. నడి బోల్టు రంధ్రం చుట్టూ జానెడు మేర వదిలిపెట్టి, అంచులలో తుప్పు గుంటలు లేని భాగాన్నే కోయించుకోవాలి. గట్టిపరచడానికి కాల్చిన ఈ ఉక్కును నీటిలో ముంచకూడదు, చమురులోనే ముంచాలి. నీటిలో ముంచితే చిట్లే ప్రమాదం ఉంది. వాడేసిన ఇంజిను ఆయిలు వద్దు, దాని పొగ ఊపిరితిత్తులకు చేటు. వేరుశనగ నూనెను చేయి పెడితే చురుక్కుమనేంత వేడి చేసి ఉంచుకుంటే చాలు.

లోహపరీక్ష:
నేను ఇంజినీరింగ్ కళాశాలలో లోహశాస్త్రం బోధిస్తాను. సమ్మెట గారి అనుభవాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. కమాను పట్టీ అనేది ఒకే ఉక్కు పేరు కాదు. మన దేశపు లారీలలో ఈఎన్ 45 వంటి సిలికాన్, మాంగనీసు రకాలూ ఉన్నాయి, క్రోమియం కలిసినవీ, క్రోమియంతో పాటు వనాడియం కలిసినవీ ఉన్నాయి. ఈఎన్ 45లో కార్బన్ 0.5 నుంచి 0.6 శాతం, సిలికాన్ 1.5 నుంచి 2 శాతం వరకు ఉంటుంది. సిలికాన్ ఇంత ఉన్నప్పుడు ఉక్కు లోపలి నిర్మాణం మారడానికి మరింత వేడి కావాలి. ఉక్కు సుమారు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది కదా అని, ఆ గుర్తునే నమ్ముకుని వెంటనే నూనెలో ముంచే కొత్తవారికి ఈ రకం సగమే గట్టిపడుతుంది. పైగా సిలికాన్ ఉక్కు కొలిమిలో ఎక్కువసేపు ఉంటే పైపొరలోని కార్బన్ త్వరగా కాలిపోతుంది. అప్పుడు పైన ఆకురాయి సులువుగా దిగుతుంది, లోపల మాత్రం గట్టిగానే ఉంటుంది. ఇది తెలియనివారు ఉక్కు చెడ్డదని పారేస్తారు, లేదా మళ్లీ మళ్లీ కాల్చి దాన్ని నిజంగానే చెడగొడతారు.

నేర్చుకునే దశలో కత్తి విరిగితే తప్పు చేతిదా, వేడిదా, లోహానిదా అన్నది విడదీసి చూడగలగాలి. రకం తెలిసిన ఉక్కు ఉంటే ఆ మూడింటిలో ఒకటి ముందే తేలిపోతుంది. ఒక కత్తికి పట్టే బొగ్గు, శ్రమ, ఆకురాయి అరుగుదల లెక్క వేస్తే కొత్త పట్టీ ధర పెద్ద భారమేమీ కాదు. సంప్రదాయాన్ని ఉదాహరణగా చెప్పేవారికి మరొక మాట. ఉక్కుకు పేరుపడ్డ మన నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలలో (లోహాన్ని కరిగించే మట్టి పాత్రలలో) ఉక్కు చేసినవారు ఏ ఊరి ఇనుమును ఏ ఊరి ఇనుముతో కలపాలో నిర్ణయించుకుని కలిపేవారని, 19వ శతాబ్దిలో అక్కడి పని చూసినవారు రాసిపెట్టారు. ముడిసరుకు పుట్టుక తెలుసుకుని పనిచేయడమే ఆ సంప్రదాయం.

పాత సామాను:
ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయాయని నా అభిప్రాయం. పనిముట్టుగా మారే ఉక్కు వేరు, కొలిమిశాలలో స్థిరంగా ఉండే సామగ్రి వేరు. రెండో దానికి పాత సరుకును మించింది లేదు. లారీ బ్రేకు డ్రమ్ము పోత ఇనుముతో చేసినది కాబట్టి కొలిమి గుంటగా ఏళ్ల తరబడి నిలుస్తుంది. దాని అడుగున పైపు బిగించి చిన్న బ్లోయరు పెడితే చాలు. సుత్తులకు పాత లారీ యాక్సిల్ ముక్కలు పనికివస్తాయి. విజయవాడ ఆటోనగర్‌లో ఇవన్నీ ఏ బండివో చెప్పి మరీ అమ్ముతారు. హైదరాబాదులో పురానాపూల్ దగ్గర గురువారాలు జరిగే జుమ్మేరాత్ బజారులో పాత పట్టకార్లు, బెంచి వైసులు, ఆకురాళ్లు దొరుకుతాయి. నిదానంగా తిరిగి ఎంచుకోవాలి.

దాగలి కొనేటప్పుడు రంగు చూసి మోసపోవద్దు. పోత ఇనుముతో చేసి నున్నగా రంగు వేసినవి చాలా ఉన్నాయి. పాత బేరింగులోని ఉక్కు గోళీని జానెడు ఎత్తునుంచి దాగలి ముఖం మీదికి వదలండి. మంచి ఉక్కయితే గోళీ చాలావరకు పైకి లేస్తుంది, పోత ఇనుమయితే చతికిలబడుతుంది. దాగలే దొరకకపోతే బరువైన ఉక్కు దిమ్మెను చింత మొద్దులో దిగ్గొట్టినా పని జరుగుతుంది. దాగలికి ఉండే కొమ్ము దీనికి లేకపోవడం మొదట్లో లోటు కాదు.

కొన్నిటిని మాత్రం ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. జింకు పూత ఉన్న నీళ్ల పైపులు, రేకులు కొలిమిలో పెట్టకూడదు. జింకు 907 డిగ్రీలకే ఆవిరవుతుంది, మనం ఇనుమును కొట్టే వేడి అంతకంటే ఎక్కువ. ఆ తెల్లటి పొగ పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలిజ్వరం వస్తుంది. మెరిసే క్రోమియం పూత కూడా అంతే ప్రమాదకరం. బండి షాక్ అబ్సార్బర్లలో చమురు, వాయువు బంధించి ఉంటాయి కనుక వేడి తగిలితే పేలతాయి. ఖాళీగా కనిపించే మూసిన గొట్టం దేన్నీ కొలిమిలో పెట్టవద్దు.

పట్టాల బాట:
దాగలికి రైలు పట్టా ముక్క కొనమని ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి ముందే రాస్తున్నాను. నేను రైల్వేలో ట్రాకు విభాగంలో పనిచేసి విరమించాను. మన ప్రధాన మార్గాలలో వేసే పట్టా మీటరుకు 60 కిలోలు తూగుతుంది, అందులో కార్బన్ 0.6 నుంచి 0.8 శాతం ఉంటుంది. కనుక అడుగు ముక్కే దాదాపు 18 కిలోల మంచి ఉక్కు. ముక్కను పడుకోబెట్టి వాడితే సన్నటి నడుము దగ్గర దెబ్బ బలం వృథా అవుతుంది, నిలువుగా పాతి కోసిన ముఖం మీద కొడితే బరువంతా సుత్తి కిందనే ఉంటుంది. ఇదంతా నిజమే.

అయితే 1966లో చేసిన రైల్వే ఆస్తి అక్రమ స్వాధీన చట్టం అమలులో ఉంది. దొంగిలించినదని సహేతుకమైన అనుమానం ఉన్న రైల్వే సొత్తు మీ దగ్గర దొరికితే, అది న్యాయంగా వచ్చిందని నిరూపించుకోవలసింది మీరే. తొలి నేరానికే ఐదేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. రైల్వే తన తుక్కును వేలంలో అమ్ముతుంది. ఆ వేలంలో కొన్న వ్యాపారి నుంచి రసీదుతో తీసుకోగలిగితేనే పట్టా కొనండి. రసీదు లేదన్న కొట్టులో ఎంత చవకగా ఇచ్చినా వద్దని వచ్చేయండి.

సమ్మెట:
లోహపరీక్ష గారు చెప్పిన సిలికాన్ సంగతి విలువైనది. మేము అయస్కాంతం వాడం, రంగు చూస్తాం. షెడ్డు నీడలో ఉక్కు నారింజ ఛాయకు తిరగడం మొదలైన తరువాతే ముంచుతాం, కాబట్టి అనుకోకుండానే ఆ అదనపు వేడి అందుతోంది. కానీ రకం తెలియదు గనుక వాడకూడదన్న ముగింపును ఒప్పుకోలేను. తెలియనిదాన్ని తెలుసుకునే మార్గం ఉంది. ప్రతి కట్టనుంచి బెత్తెడు ముక్క కోసి, కాల్చి, నూనెలో ముంచి, పైపొర గీకి ఆకురాయితో రుద్ది చూడండి. ఆకురాయి జారితే గట్టిపడినట్టు. తరువాత కళ్లద్దాలు పెట్టుకుని, గుడ్డలో చుట్టి వైసులో విరవండి. విరిగిన ముఖం మెత్తటి బూడిదరంగులో ఉంటే వేడి సరిపోయింది, ఇసుకలా మెరిస్తే వేడి మించింది. పాత పగుళ్ల అనుమానం ఉంటే ముక్కను కిరోసిన్‌లో నానబెట్టి, శుభ్రంగా తుడిచి, సుద్ద పూయండి. పగులు ఉన్నచోట తడి గీత సుద్దలో తేలుతుంది. ఒకే కట్టలోని పట్టీలు సాధారణంగా ఒకే రకం కాబట్టి, ఒకసారి పరీక్షించిన కట్ట చాలాకాలం పనికివస్తుంది.

లోహపరీక్ష:
ఈ పరీక్షలు ఓపికగా చేసేవారి విషయంలో నా అభ్యంతరం చాలావరకు తొలగిపోతుంది. అయితే కొట్టువారి మాట మీద కొన్న, ఏ భాగమో గుర్తుపట్టలేని ముక్కకు ఇవి సరిపోవు. ఇంటి కట్టడాల దగ్గర మిగిలే టీఎంటీ కడ్డీ ఇందుకు ఉదాహరణ. ఎఫ్‌ఈ 500 (Fe 500) రకంలో కార్బన్ 0.3 శాతానికి మించకూడదని ప్రమాణం, అందువల్ల కొక్కేలకూ, పట్టకార్లకూ పనికివస్తుంది కానీ కత్తికి పనికిరాదు. పాత ఆకురాళ్లలోనూ కొన్నిటికి పైపొర మాత్రమే గట్టిగా ఉంటుంది. మంచివాటిలో కార్బన్ ఒక శాతం దాటుతుంది, కానీ పళ్లను పూర్తిగా సానపట్టి తీసివేయకుండా కొడితే ప్రతి పల్లూ ఒక పగులుకు మొదలవుతుంది.

గొడ్డలి విషయంలో మాత్రం నా మాట మారదు. ఊపి కొట్టే పనిముట్టు, అందులోనూ ఇతరులకు ఇచ్చేది, రకం తెలిసిన ఉక్కుతోనే చేయాలి. కత్తి విరిగితే వంట ఆగుతుంది, గొడ్డలి అంచు ఎగిరితే కన్ను పోతుంది.

సమ్మెట:
గొడ్డలి మొత్తం కమానుతో చేయమని నేనూ చెప్పను. మెత్తటి ఇనుముతో ఒళ్లు చేసి, నోటి దగ్గర చీల్చి, ఆ చీలికలో కమాను ముక్క ఇరికించి, వెలిగారం (బొరాక్స్) చల్లి, తెల్లటి వేడి మీద అతుకుతాం. అంచుకు చిన్న పగులు వచ్చినా వెనుక ఉన్న మెత్తటి ఇనుము దాన్ని పట్టి ఉంచుతుంది. సిలికాన్, క్రోమియం ఉన్న ఉక్కు ఇలా అతకడం కష్టం, కొత్తవారికి మొదటి ఏడాది సాధ్యం కాదు. కొత్త కొలిమి గారు అందుకే గొడ్డలిని వెనక్కి పెట్టి, కొడవలితో మొదలుపెట్టాలి. కొడవలికి పలుచటి చిన్న పట్టీ చాలు, అది విరిగినా చేతిలోనే విరుగుతుంది తప్ప ఎగిరిపోదు.

కొత్త కొలిమి:
అందరికీ కృతజ్ఞతలు. బ్రేకు డ్రమ్ము, యాక్సిల్ ముక్క, సాగిపోయిన ఒక కమాను కట్ట ఆటోనగర్‌లో చూస్తాను. దాగలికి పట్టా కాకుండా ఉక్కు దిమ్మెనే వెతుకుతాను. కట్టనుంచి కోసిన పరీక్ష ముక్కలను విరిచి, ఆ ముఖాల ఫొటోలు ఇక్కడే పెడతాను. వాటితో పోల్చి చూడడానికి రకం తెలిసిన పట్టీ కూడా ఒకటి కొంటున్నాను. రెండింటినీ ఒకే వేడిలో, ఒకే నూనెలో ముంచుతాను. లోహపరీక్ష గారూ, అందుకు ఏ రకం పట్టీ ఎంచుకుంటే పోలిక సరిగా ఉంటుందో చెప్పగలరా?

లోహపరీక్ష:
ఈఎన్ 45 పట్టీయే తీసుకోండి, అందులో ఏముందో తెలిపే పరీక్ష పత్రం అడిగి తీసుకోండి. మీ కమాను కూడా ఆ జాతిదే అయితే రెండు ముఖాలూ ఒకేలా విరగాలి. తేడా కనిపిస్తే కమాను క్రోమియం రకం కావచ్చు. అప్పుడు కమాను ముక్కను మరికొంత తక్కువ వేడిలో ముంచి మరోసారి చూడండి.