స్ప్లిట్ డ్యూటీ మధ్య ఖాళీని విశ్రాంతి అనొచ్చా?

రెండో బండి:
సిటీ బస్సు డ్రైవర్‌ని. పొద్దున 5కి బండి తీసి 9:30కి దిగుతాను. మళ్లీ సాయంత్రం 4 నుంచి రాత్రి 8:30 దాకా. మధ్యలో ఆరున్నర గంటలకి జీతం లేదు, చార్టులో మాత్రం విశ్రాంతి అని రాస్తారు. ఇల్లు గంట దూరం. ఇది విశ్రాంతేనా?

పాత చార్టు:
తమ్ముడూ, ఇరవై ఏళ్లు డ్యూటీ చార్టులు వేసినవాణ్ని. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లో చేసిన 153వ ఒప్పందం ప్రకారం రోజుకు నడిపేది 9 గంటలు, వారానికి 48 దాటకూడదు. నీది సరిగ్గా 9. జనం రద్దీ పొద్దున, సాయంత్రమే ఉంటుంది. స్ప్లిట్ తీసేస్తే అంతమంది డ్రైవర్లను ఎక్కడి నుంచి తెస్తాం?

కిటికీ సీటు:
అదే ఒప్పందంలో రోజుకు వరుసగా 10 గంటల విశ్రాంతి అని కూడా ఉంది కదండీ. రాత్రి 8:30 నుంచి పొద్దున 5కి ఎనిమిదిన్నరే అవుతుంది.

పాత చార్టు:
8కి తగ్గించొచ్చమ్మా.

కిటికీ సీటు:
వారానికి రెండుసార్లకు మించి కాదు. ఈయనకి రోజూ ఇంతే.

పాత చార్టు:
ఆ ఒప్పందాన్ని ఆమోదించిన దేశాలే తక్కువ. ఎనిమిదిన్నర గంటలు చాలు, పడుకుంటే సరిపోతుంది.

రెండో బండి:
అందులో రెండు గంటలు దారికే పోతాయి సార్. స్నానం, తిండి పోగా నిద్రకి మిగిలేది ఐదు గంటలు.

స్టాప్ నంబర్ 9:
మా నాన్న కూడా ఇలాగే చేసేవారు. నా స్కూల్ ఫంక్షన్ ఒక్కదానికీ రాలేదు.

కిటికీ సీటు:
యూరప్‌లో 2006 నాటి 561వ నిబంధన నాలుగున్నర గంటల డ్రైవింగ్‌కి 45 నిమిషాల విరామం ఇస్తుంది. కానీ 50 కిలోమీటర్లు దాటని రూట్ల రోజువారీ సర్వీసులకి అది వర్తించదు. దూరం తక్కువైతే నిద్ర రాదా? 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడిలా తడబడతాడని పరిశోధనల్లో తేలింది. పొద్దున 3కి లేచి, పగలు కునుకు తీయకపోతే రాత్రి 8కి 17 గంటలు నిండుతాయి. ఆ టైంలో నేను ఆయన వెనకే కూర్చుంటాను.

పాత చార్టు:
సరే, నేనూ చెప్తాను. ఒకసారి రాత్రికి 10 గంటలు విశ్రాంతి వచ్చేలా చార్టు వేశాను. ఓవర్‌టైమ్ పోతుందని డ్రైవర్లే నా గది ముందు గొడవ చేశారు. అప్పుడు నిద్ర గుర్తు రాలేదా?

రెండో బండి:
మా దగ్గర అలాంటి చార్టు వేస్తే నేనూ అడ్డుపడేవాణ్ని. తొమ్మిది గంటల జీతంతో ఇల్లు గడవదు. ఆ మధ్య గంటలకి సగం జీతం కట్టినా ఓవర్‌టైమ్ జోలికి పోను.

కిటికీ సీటు:
అంటే ఇది డబ్బు గొడవన్నమాట. మీ కష్టం అర్థమైంది, కానీ మీ నిద్ర మీరొక్కరే అమ్ముకునేది కాదండీ. వెనక యాభై మందిమి ఉంటాం.

రెండో బండి:
ఉంటారని తెలుసమ్మా. మొన్న రాత్రి సిగ్నల్ దగ్గర వెనక బండివాడు హారన్ కొడితే గానీ నాకు మెలకువ రాలేదు. గ్రీన్ ఎప్పుడు పడిందో తెలియదు. ఆ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు.