ఢిల్లీలో ఒక్క రోజు: సొంత కారు తీయాలా, రూము దగ్గరే వదిలేయాలా?

హైవే44:
మేమిద్దరం హైదరాబాద్ నుంచి కారులో నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా మీదుగా ఢిల్లీ వెళ్తున్నాం. అటు నుంచి రిషికేశ్. ఢిల్లీకి మిగిలింది ఒక్క సోమవారం, నవంబరు మొదట్లో. ఎర్రకోట, చాందినీ చౌక్, ఇండియా గేట్, హుమాయూన్ సమాధి, కుతుబ్ మీనార్, లోటస్ టెంపుల్, వీలైతే అక్షర్‌ధామ్ చూడాలని ఉంది. ఇంత దూరం కారు తెచ్చుకుని మళ్ళీ మెట్రో ఎక్కడమేంటని నా వాదన. కారు రూము దగ్గరే పడేద్దామని మా ఆవిడ. ఇద్దరం పంతానికి పోయాం. మీరేమంటారు?

పసుపు లైన్:
కారు సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ లిస్టు చూసుకోండి. ఎర్రకోట, లోటస్ టెంపుల్, అక్షర్‌ధామ్ మూడింటికీ సోమవారమే సెలవు. ఎందులో వెళ్ళినా గేటు బయటి నుంచే దండం పెట్టి రావాలి.

మిగిలిన వాటికి కారెందుకు చెప్పండి? చాందినీ చౌక్‌లో ఎర్రకోట నుంచి ఫతేపురీ మసీదు దాకా ఉన్న మెయిన్ రోడ్డు మీదికి ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు మోటారు బండ్లని రానివ్వరు. మీ కారు ఎక్కడో దూరంగా పార్కింగ్‌లో ఉంటుంది, మీరు రిక్షాలో ఉంటారు. అదే మెట్రో పసుపు లైన్ ఎక్కితే కుతుబ్ మీనార్, ఇండియా గేట్‌కి దిగే సెంట్రల్ సెక్రటేరియట్, చాందినీ చౌక్ మూడూ ఒకే దారిలో వస్తాయి. ఎక్కడా రైలు మారే పని లేదు.

ఇంకొకటి. ఢిల్లీలో కారు నడిపేవాడికి కనిపించేది ముందు బండి నంబరు ప్లేటే. ఊరు చూసేది పక్క సీటులో వాళ్ళు, అదీ మ్యాప్ మీద నుంచి తల ఎత్తగలిగితే. మీ ఆవిడ మాటే వినండి సార్.

లోధీ రోడ్ కాపురం:
నేను ఇక్కడే ఉంటాను కాబట్టి చెప్తున్నా, మెట్రో మ్యాప్‌లో పేరు ఉన్నంత మాత్రాన చోటు దగ్గరని కాదు. కుతుబ్ మీనార్ స్టేషన్‌లో దిగితే మీనార్ అక్కడ ఉండదు, ఆటో ఎక్కాల్సిందే. సెంట్రల్ సెక్రటేరియట్ నుంచి ఇండియా గేట్‌కి కర్తవ్య పథ్ వెంట మంచి నడకే ఉంది. హుమాయూన్ సమాధి గేటు ముందయితే స్టేషనే లేదు. సాయంత్రం ఆఫీసులు వదిలే టైముకి లైన్లు మారే రాజీవ్ చౌక్ స్టేషన్ మీదుగా వెళ్ళి చూడండి, తెలుస్తుంది. మొదటి బోగీ ఆడవాళ్ళది. ఆవిడ అందులో హాయిగా కూర్చుంటారు, మీరు ఇంకో బోగీలో నలుగుతుంటారు. జంటగా వచ్చి విడివిడిగా ఊరేగడమా?

పాత ఢిల్లీకి కారు వద్దు, ఒప్పుకుంటా. కానీ దక్షిణ ఢిల్లీ రోడ్లు విశాలం. కుతుబ్ దగ్గరా, హుమాయూన్ సమాధి దగ్గరా పార్కింగ్ ఉంది. రాత్రి పది దాటాక రాష్ట్రపతి భవన్ ఉన్న రైసినా హిల్ కింద నుంచి కారులో వెళ్ళడం మెట్రోలో దొరికే సుఖం కాదు.

బీఎస్ ఎంత:
అందరూ మెట్రో, పార్కింగ్ అంటున్నారు. అసలు కారు ఏంటో ఎవరూ అడగరేం? పెట్రోలా, డీజిలా? ఏ సంవత్సరం మోడల్?

హైవే44:
డీజిల్ బ్రో, 2018.

బీఎస్ ఎంత:
అయితే బండి పొగ ప్రమాణాల్లో మీది బీఎస్-4. బీఎస్-6 వచ్చింది 2020 ఏప్రిల్‌లో. మీరు వచ్చేది ఢిల్లీలో పొగ కమ్మే సీజన్. గాలి నాణ్యత సూచీ 400 దాటి గ్రాప్ (కాలుష్యం పెరిగే కొద్దీ దశలవారీగా పెట్టే ఆంక్షలు) మూడో దశ పెట్టారంటే బీఎస్-4 డీజిల్ కార్లు ఢిల్లీలో తిరగకూడదు. పట్టుకుంటే జరిమానా 20,000 రూపాయలు. టీఎస్ ప్లేటు అల్లంత దూరానికే కనిపిస్తుంది. గురుగ్రామ్, ఫరీదాబాద్, ఘజియాబాద్, నోయిడా ఉన్న గౌతమ్ బుద్ధ్ నగర్ జిల్లాలో కూడా ఇదే రూలు. ఆగ్రా నుంచి వచ్చే యమునా ఎక్స్‌ప్రెస్‌వే మిమ్మల్ని దించేది ఆ జిల్లాలోనే. అంటే రూము దగ్గర పార్క్ చేయడానికి కూడా కారు ఊళ్ళోకి రాలేదన్నమాట. ఆగ్రాలో బయలుదేరే ముందు వార్తలు చూసుకోండి. మూడో దశ ఉంటే కారు ఆగ్రాలోనే ఉంచి ఢిల్లీకి రైల్లో వచ్చి వెళ్ళడం నయం.

హైవే44:
నేను వాళ్ళావిడని, ఈయన ఐడీ నుంచే రాస్తున్నా. మెట్రో అంటే నాకు మోజేం లేదు. హైవే మీద ఈయన బాగానే కబుర్లు చెప్తారు. సిటీ రాగానే "ఆగు, ఇప్పుడు మాట్లాడకు" మొదలు. పోయినేడు బెంగళూరులో ఫ్లైఓవర్ ఎక్కాలా, కింద నుంచి పోవాలా అని నేను మ్యాప్ చూసి చెప్పేలోపే అది దాటిపోయింది. ఆ సాయంత్రమంతా మా మధ్య మాటల్లేవు. అన్ని రోజులు స్టీరింగ్ పట్టుకునే మనిషి ఒక్క రోజు చేతులు ఖాళీగా పెట్టుకుని నడవాలని నా కోరిక. ఆటో అయినా సరే, క్యాబ్ అయినా సరే.

పసుపు లైన్:
ఇదండీ అసలు పాయింటు. లిస్టు కూడా సగానికి కోసేయండి మేడమ్. తాజ్ చూసి వస్తున్నారు కాబట్టి హుమాయూన్ సమాధి మాత్రం వదలొద్దు. తాజ్ భర్త భార్య కోసం కట్టించింది. ఇది భార్య బేగా బేగమ్ భర్త కోసం కట్టించింది, అదీ తాజ్ పునాది పడటానికి అరవై ఏళ్ళ ముందే. ముందు తోట, నీటి కాలువలు, ఎత్తు అరుగు మీద గుమ్మటం, ఇవన్నీ మీరు ఆగ్రాలో చూసినవే, కాకపోతే గుమ్మటం పాలరాయి, కట్టడం ఎక్కువగా ఎర్రరాయి.

లోధీ రోడ్ కాపురం:
మేడమ్ చెప్పాక నేను కారు ఊసెత్తను. క్యాబ్‌కే నా ఓటు, మెట్రోకి మాత్రం కాదు. పొద్దున్నే కుతుబ్ చూసి, హుమాయూన్ సమాధికి రండి. మధ్యాహ్నం అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ భోజనం. క్యూ ఉంటుంది, ఆకలి నకనకలాడకముందే వెళ్ళండి. అక్కడి నుంచి ఇండియా గేట్ దగ్గరే. చాలామంది ఆ గేటు ముందు సెల్ఫీ దిగి వెళ్ళిపోతారు. దాని వెనకే 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం ఉంది. గుండ్రంగా తిరిగే గోడల నిండా గ్రానైట్ పలకలు, ఒక్కో పలక మీద ఒక్కో సైనికుడి పేరు. గల్వాన్‌లో పోయిన మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు పేరు వెతకండి. నవంబరులో ఐదున్నర దాటితే చీకటి పడిపోతుంది, వెలుగుండగానే వెళ్ళండి.

చాందినీ చౌక్ వద్దంటాను. ఒక్క రోజులో అది కూడా పెడితే తొక్కిసలాటే మిగులుతుంది.

పసుపు లైన్:
చాందినీ చౌక్ వద్దా? ఢిల్లీ వచ్చి దాన్ని చూడకపోతే ఇంకేం చూసినట్టు? ఎర్రకోటకి సెలవు కాబట్టి కాస్త రద్దీ కూడా తగ్గుతుంది.

లోధీ రోడ్ కాపురం:
కోటకి సెలవు కానీ కొనేవాళ్ళకి కాదు బాబూ. అది హోల్‌సేల్ బజారు.

హైవే44:
మళ్ళీ నేనే. సరే, పగలు క్యాబ్. ఆవిడ కూడా ఓకే అంది. కానీ రాత్రి పది దాటాక ఒక్క రౌండ్, రైసినా హిల్ నుంచి ఇండియా గేట్ దాకా, నా కారులోనే. రోడ్లు ఖాళీగా ఉంటాయి కదా, ఎవరు చూస్తారు?

బీఎస్ ఎంత:
మూడో దశ లేకపోతే హాయిగా తిరగండి. ఉంటే మాత్రం రాత్రయినా 20,000 అంతే ఉంటుంది.