పికప్ ట్రక్కు స్టీరింగ్ లూజు: ఏ జాయింటు అరిగిందో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నాది పాత పికప్. పవర్ స్టీరింగే, కానీ ర్యాక్ (పళ్ల కడ్డీ) కాదు, స్టీరింగ్ గేర్‌బాక్స్ రకం. ముందు కాయిల్ స్ప్రింగులు. తిన్నటి రోడ్డు మీద కూడా స్టీరింగ్ అటూ ఇటూ సర్దుకుంటూ పోవాల్సి వస్తోంది. గతుకులో పడితే ముందు ఎడమవైపు నుంచి టక్ టక్‌మని చప్పుడు. మెకానిక్‌కు చూపిస్తే "గేర్‌బాక్స్ అడ్జస్ట్‌మెంట్ స్క్రూ కాస్త బిగిస్తే సరిపోతుంది" అన్నారు. నాకెందుకో నమ్మకం కలగలేదు. ఏది అరిగిందో ముందు నేనే చూసుకోవాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1:
స్క్రూ జోలికి ఇప్పుడే ఎవరినీ వెళ్లనివ్వకండి. లూజు ఎక్కడుందో తెలియకుండా గేర్‌బాక్స్ బిగిస్తే, అరిగిన జాయింటు అలాగే ఉంటుంది, పైగా స్టీరింగ్ బరువెక్కుతుంది.

అన్నిటికంటే పనికొచ్చే పరీక్షకు జాకీ కూడా అక్కర్లేదు. బండి సమతలంగా నిలబెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టండి. చక్రాలు నేల మీదే ఉండాలి, ఎందుకంటే బరువు పడినప్పుడే లూజు బయటపడుతుంది. ఇంజిన్ ఆన్ చేసి లోపల ఒక మనిషిని కూర్చోబెట్టండి. గడియారంలో పదకొండుకూ ఒంటిగంటకూ మధ్య ఉన్నంత మేర స్టీరింగ్‌ను చకచకా అటూ ఇటూ ఆడించమనండి. పూర్తిగా తిప్పకూడదు.

మీరు కింద టార్చి వేసి పైనుంచి కిందికి వరసగా చూసుకుంటూ రండి. స్టీరింగ్ కాలమ్ నుంచి వచ్చే షాఫ్టు పైభాగం తిరిగి, కిందిభాగం కాస్త ఆలస్యంగా తిరిగితే మధ్యలోని జాయింటు పోయినట్టు. గేర్‌బాక్స్‌లోకి వెళ్లే షాఫ్టు కదులుతున్నా పిట్‌మన్ ఆర్మ్ (గేర్‌బాక్స్ నుంచి బయటికి వచ్చి లింకులను కదిపే చేయి) కదలకపోతే లూజు గేర్‌బాక్స్ లోపలే ఉంది. గేర్‌బాక్స్ మొత్తమే ఛాసిస్ మీద జరుగుతుంటే బోల్టులు చూడండి, ఆ చుట్టుపక్కల ఛాసిస్ ఏమైనా పగిలిందేమో కూడా చూడండి. ఈ ఒక్కటీ చాలామంది వదిలేస్తారు.

తర్వాత మధ్య లింకు (అడ్డంగా ఉండే కడ్డీ), ఐడ్లర్ ఆర్మ్ (ఆ కడ్డీ రెండో చివరను మోసే చేయి), టై రాడ్ ఎండ్లు (చక్రాలను తిప్పే కడ్డీల చివరి జాయింట్లు). ప్రతి జాయింటులో రెండు ముక్కలూ ఒకేసారి కదలాలి. ఒకటి కదిలిన తర్వాతే రెండోది కదిలితే అదే మీ దొంగ. కంటికి తెలియకపోతే రెండు ముక్కల మీదా పడేలా వేలు ఆనించండి, లోపలి 'టక్' వేలికి తగులుతుంది. వేళ్లు మాత్రం నలిగే సందుల్లో పెట్టకండి.

ఐడ్లర్ ఆర్మ్ గేర్‌బాక్స్‌కు ఎదురువైపు ఉంటుంది. దాన్ని విడిగా చేత్తో పట్టుకుని పైకీ కిందికీ నొక్కి చూడండి. పక్కలకు తిరగడం దాని పని. నిలువుగా ఊగితే మాత్రం అరిగినట్టే. బండి తిన్నగా పోకుండా అటూ ఇటూ తిరగడానికి ఇది మామూలు కారణం.

జవాబు 2:
పై జవాబుకు జోడింపు. ఆ టక్ టక్ బాల్ జాయింటుది (సస్పెన్షన్ ఆర్మ్‌ను చక్రం వైపు కలిపే గుండు జాయింటు) కూడా కావచ్చు, దానికి జాకీ కావాలి. మీ బండిలో స్ప్రింగు కింది కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే చేయి) మీదే కూర్చుని ఉంటే, జాకీని ఛాసిస్ కింద కాకుండా ఆ ఆర్మ్ కిందే, బాల్ జాయింటుకు వీలైనంత దగ్గరగా పెట్టి లేపండి. ఛాసిస్ కింద పెడితే స్ప్రింగు జాయింటును బిగబట్టి ఉంచుతుంది, లూజు ఉన్నా కనబడదు. లేపాక ఛాసిస్ కింద స్టాండు పెట్టండి, కానీ బరువు ఆర్మ్ మీద నుంచి తీయొద్దు. ఒక్క జాకీని నమ్ముకుని కిందికి దూరకండి.

ఇప్పుడు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే లోపలి మనిషిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఊగడం ఆగిపోతే అది వీల్ బేరింగు, ఆగకపోతే బాల్ జాయింటు. కుడీ ఎడమా పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే ఊగితే టై రాడ్ వైపు చూడాలి. టైరు కింద గడ్డపార పెట్టి మెల్లగా పైకి ఎత్తి చూస్తే నిలువు లూజు ఇంకా బాగా తెలుస్తుంది. ఎంత వరకు ఫరవాలేదన్నది బండిని బట్టి మారుతుంది, సర్వీస్ పుస్తకంలోని కొలతే లెక్క.

అడిగినవారు:
ఇద్దరికీ థాంక్సండీ. చూశాను. ఐడ్లర్ ఆర్మ్ నిలువుగా బాగానే ఊగుతోంది. ఎడమవైపు బయటి టై రాడ్ ఎండ్ రబ్బరు బూటు చిరిగి, గ్రీజు ఎండి నల్లగా పిడచకట్టింది. స్టీరింగ్ ఆడించినప్పుడు అక్కడ వేలికి టక్ తగులుతోంది. పైనా కిందా ఊపితే చక్రం కదల్లేదు. కుడివైపు టై రాడ్‌ను మాత్రం చేత్తో మెలితిప్పితే కొంచెం దొర్లుతోంది, అదీ పోయినట్టేనా? కొత్త గ్రీజు కొడితే కొన్నాళ్లు లాగొచ్చా?

జవాబు 1:
రాడ్ తన చుట్టూ తాను కాస్త దొర్లడం మామూలే, దాని చివర ఉన్నదీ గుండు జాయింటే. దాని కోసం మార్చకండి. పైకీ కిందికీ గానీ, ముందుకూ వెనక్కూ గానీ సందు ఉంటేనే అరుగుదల.

ఎడమవైపుది మాత్రం మార్చేయండి. బూటు చిరిగిందంటే దుమ్మూ నీళ్లూ లోపలికి వెళ్లి బాల్‌ను తినేసి ఉంటాయి. గ్రీజు కొడితే ఆ సందు నిండి నాలుగు రోజులు లూజు దాగుతుందంతే. బాల్ సాకెట్‌లోంచి ఊడితే ఆ చక్రం మీ స్టీరింగ్ మాట వినదు. మార్చేదాకా స్పీడు రోడ్లు ఎక్కకండి, లోడు వేయకండి.

జవాబు 2:
మార్చేటప్పుడు రెండు విషయాలు. పాత ఎండ్ విప్పేముందు ఎన్ని మరలు బయటికి ఉన్నాయో లెక్కపెట్టుకోండి, కొత్తది అంతే ఎక్కించండి. సర్వీస్ పుస్తకం చెప్పిన టార్క్‌కు (బిగింపు బలం) నట్టు బిగించాక స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండా ఆపే పిన్ను) రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించి కలపాలి, వదులు చేసి కాదు. ఎన్ని మరలు లెక్కపెట్టినా అలైన్‌మెంట్ చేయించాల్సిందే. టైరు మీద అడ్డంగా అరచేతితో నిమిరి చూడండి, ఒకవైపు నున్నగా, తిరిగి వచ్చేటప్పుడు రంపం పళ్లలా తగిలితే టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) ఇప్పటికే తప్పినట్టు.

అడిగినవారు:
ఇవి మార్చాక కూడా లూజు మిగిలితే?

జవాబు 1:
అప్పుడు గేర్‌బాక్స్ స్క్రూ సంగతి చూద్దాం. చక్రాలు తిన్నగా ఉంచి, లాక్ నట్టు వదిలి, కొంచెం కొంచెంగానే. గేర్‌బాక్స్ ఎక్కువగా అరిగేది మధ్యలోనే, అక్కడి లూజు పూర్తిగా పోయేంత బిగిస్తే పక్కలకు తిప్పినప్పుడు పట్టేస్తుంది. మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాకపోతే ఎక్కువ బిగించినట్టు, వెంటనే వదులు చేయండి.