హ్యాంకులా, ఫర్లరా? 27 అడుగుల పాత పడవకి ఏది మేలు?

కృష్ణాతీరం, అలమీడా

అందరికీ నమస్కారం. ఏప్రిల్‌లో 1983 నాటి కాటలీనా 27 ఒకటి కొన్నాను. పాతదే అయినా హల్, అంటే పడవ ఒళ్లు, గట్టిగా ఉంది. ముందు తెరచాపలు రెండూ హ్యాంకులవే. ఒకటి చిన్నది, 110 శాతం జిబ్. రెండోది పెద్దది, 150 శాతం జెనోవా. మార్చాలంటే ముందు డెక్ మీదికి పాక్కుంటూ వెళ్లి ఒక్కో హ్యాంకూ ఊడదీయాలి, మళ్లీ తగిలించాలి.

ఇక్కడి శాన్ ఫ్రాన్సిస్కో బే గాలి సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పొద్దున పదింటికి ఎస్చువరీ (ఊరి పక్క నీటిపాయ) చెరువులా ఉంటుంది. మధ్యాహ్నం రెండయ్యేసరికి గోల్డెన్ గేట్ లోంచి 20, 25 నాట్ల గాలి తోసుకొస్తుంది. పోయిన ఆదివారం పొద్దున గాలి లేదు కదా అని 150 వేసుకుని బయల్దేరాం. ట్రెజర్ ఐలాండ్ దాటామో లేదో పడవ ఒరిగిపోయింది. నేను పాక్కుంటూ వెళ్లి చాప లాగుతుంటే సగం నీళ్లలో పడింది. టిల్లర్ (చుక్కాని కర్ర) దగ్గర మా ఆవిడ, పక్కన పదకొండేళ్ల అబ్బాయి. ఒడ్డుకొచ్చాక ఆవిడ ఒకటే మాట అంది: "నువ్వు ఇంకోసారి అక్కడికి పాకితే నేనీ పడవ ఎక్కను."

ఇలా పాకకుండా వెనక నుంచే చాప చుట్టేసే ఫర్లర్, కొత్త ఫోర్‌స్టే, చాపకి కుట్టు మార్పు, కూలీ అన్నీ కలిపి దాదాపు 4,000 డాలర్లు చెప్పారు. పడవ కొన్నదే 6,500కి. ఏం చెయ్యమంటారు?

కొత్తగా_చూస్తున్నా

మధ్యలో వస్తున్నందుకు సారీ. హ్యాంక్ అంటే ఏంటండీ?

చెసపీక్_పద్మ, అనాపొలిస్

కర్టెన్ రింగు తెలుసు కదా, అలాంటిదే. ముందు నుంచి మాస్ట్‌ని (తెరచాప స్తంభాన్ని) పట్టి ఉంచే తీగ ఫోర్‌స్టే. చాప ముందంచు పొడవునా కంచు కొక్కేలు ఉంటాయి, వాటిని ఆ తీగకి తగిలించి చాప పైకి లాగుతాం. ఒక్కో కొక్కేనికి చిన్న స్ప్రింగు పిన్ను ఉంటుంది. ఫర్లర్‌కైతే ఆ తీగ చుట్టూ అల్యూమినియం గొట్టం, కింద డ్రమ్ము ఉంటాయి. వెనక కాక్‌పిట్‌లో కూర్చుని తాడు లాగితే గొట్టం తిరిగి చాప దానికే చుట్టుకుపోతుంది. మన ఇళ్లలో చాప చుట్టి మూలన పెట్టినట్టే.

సాలెంట్_బాబాయ్, హాంబుల్

ఆలోచించకు తమ్ముడూ, ఫర్లర్ వేసెయ్. నాది 31 అడుగులు, పన్నెండేళ్లుగా ఫర్లరే. ఈ వయసులో వానలో ముందు డెక్ మీద మోకాళ్లు ఆనించి కూర్చోవడం నా వల్ల కాదు. సాయంత్రం పని నుంచి వచ్చి, చాప విప్పి, రెండు గంటలు తిరిగి, చుట్టేసి ఇంటికి పోతాను. హ్యాంకులతో అయితే సంచిలోంచి తీసి తగిలించడానికే బద్ధకమేసి సగం సాయంత్రాలు వెళ్లేవాణ్ణే కాదు.

కాకపోతే ఒకటి చెప్పాలి, దాచడం ఎందుకు. కొన్న రెండో ఏడు ఇక్కడ ఇంగ్లండ్ తీరంలో హర్స్ట్ కాజిల్ దగ్గర గాలి పెరిగింది, కింద ఆటు పోటు కాలవలా లాగుతోంది. చాప చుడదామని తాడు లాగితే రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. నేనేమో తెలివిగా తాడుని వించ్‌కి, అదే తాడు బిగించి లాగే చక్రానికి, వేసి తిప్పాను. పైన ఏదో కిర్రుమంది. అప్పుడు తలెత్తి చూశాను. చాపని పైకెత్తే తాడు, హాలియార్డ్, పైన గొట్టానికి చుట్టుకుని ఉంది. ఇంకో రెండు తిప్పులు తిప్పి ఉంటే ఫోర్‌స్టే పోగులు తెగేవి. చాప చుట్టుకోదు, కిందికీ దిగదు. చివరికి గాలివాటుగా తిరిగి మెయిన్ (వెనక పెద్ద చాప) చాటున జిబ్‌ని దాచి, చుట్టుకున్నదాన్ని వెనక్కి విప్పి, ఎలాగో బయటపడ్డాం.

అందుకే చేత్తో రాకపోతే వించ్ ముట్టుకోవద్దు. ముందు తల పైకెత్తి చూడు.

రిగ్గర్‌గారి_అల్లుడు, శాన్ డియాగో

బాబాయ్ గారూ, మీకు జరిగినదానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. మాస్ట్ మీది కప్పీ నుంచి పై స్వివెల్‌కి (చాప తలని పట్టుకుని తిరిగే ముక్కకి) వచ్చే హాలియార్డ్ గొట్టానికి సమాంతరంగా ఉండకూడదు, ఎనిమిది పది డిగ్రీలైనా వెనక్కి వాలి ఉండాలి. చాప పొట్టిదైతే స్వివెల్ కిందికి ఉండిపోయి ఆ కోణం రాదు. చాప తలకి ఒక తీగ ముక్క కలిపి స్వివెల్‌ని పైకి చేర్చాలి, లేదా హాలియార్డ్‌ని వెనక్కి పట్టి ఉంచే చిన్న గైడ్ మాస్ట్‌కి బిగించాలి. కొన్ని చిన్న పడవల ఫర్లర్లలో, ఉదాహరణకి సీడీఐ కంపెనీ వాళ్లదాంట్లో, హాలియార్డ్ గొట్టంలోపలే ఉంటుంది కాబట్టి ఈ బెడద లేదు.

డ్రమ్ము దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. చాప విప్పేటప్పుడు తాడు వదిలేస్తే డ్రమ్ములో వదులుగా చుట్టుకుంటుంది. తర్వాత లాగితే ఒక చుట్టు ఇంకో చుట్టు కిందికి దూరి బిగుస్తుంది. విప్పేటప్పుడు తాడుని చేతిలో కాస్త బిగువుగా జారనివ్వాలి, అంతే.

కృష్ణాతీరం గారూ, అసలు మీ ఫోర్‌స్టే ఎప్పటిది?

చెసపీక్_పద్మ, అనాపొలిస్

నాది 29 అడుగులు, హ్యాంకులే, మార్చే ఉద్దేశం లేదు. మీరు పాకడం గురించి అంటున్నారు కానీ, డౌన్‌హాల్ వేసుకుంటే పాకాల్సిన పనే ఉండదు. చాప తలకి సన్నని తాడు ఒకటి కట్టండి. దాన్ని ఫోర్‌స్టే వెంబడి హ్యాంకుల లోపలగా కిందికి తెచ్చి, ముక్కు దగ్గర చిన్న కప్పీలోంచి తిప్పి కాక్‌పిట్‌కి తీసుకురండి. గాలి పెరిగితే హాలియార్డ్ వదలండి, ఆ తాడు లాగండి. చాప డెక్ మీదికి దిగి కూర్చుంటుంది. రెయిలింగుకి వల అల్లుకుంటే నీళ్లలోకి జారదు. నాకైన ఖర్చు తాడుకీ కప్పీకీ కలిపి యాభై డాలర్ల లోపే.

మా దగ్గర జూలై మధ్యాహ్నాల్లో ఉరుములతో గాలివాన చెప్పా పెట్టకుండా వస్తుంది. పడమటి ఆకాశం నేరేడుపండు రంగుకి తిరగ్గానే చాప దించేస్తాను, పది సెకన్లు పట్టదు. రెండేళ్ల క్రితం అలాంటి ఒక రాత్రి మా పక్క స్లిప్పులో (పడవ కట్టే చోట్లో) ఉన్న పడవ మీద ఫర్లర్‌కి చుట్టి వదిలేసిన జెనోవా దానంతటదే విచ్చుకుంది. తెల్లారేసరికి దానికి మిగిలింది పీలికలే. చుట్టిన చాపని మూడు నాలుగు చుట్లు అదనంగా చుట్టి తాడుతో కట్టాలి, పెద్ద తుఫాను వస్తోందంటే కిందికి దించెయ్యాలి. చాలామంది ఆ రెండో పని చెయ్యరు.

హ్యాంకులతో విసుగు లేదనను. మూడు తడి చాపల సంచులు ముందు గదిలో, పడుకునే చోటే ఉంటాయి. మా ఆయన దీని మీద జోకులు వెయ్యని రోజు లేదు. ఉప్పునీళ్లకి పిన్నులు పట్టేస్తే తడి వేళ్లతో లాగేటప్పుడు గోరు విరుగుతుంది. నెలకోసారి మంచినీళ్లతో కడిగి కాస్త డ్రై లూబ్రికెంట్ వేస్తే మళ్లీ టిక్కు టిక్కుమని పనిచేస్తాయి.

ఇంకోమాట. మీ ఆవిడకి టిల్లర్, మీకు ముందు డెక్ అని ఎవరు రాసిపెట్టారండీ? 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి బయల్దేరి ప్రపంచం చుట్టొచ్చిన మన నౌకాదళం పడవ తారిణిలో ఉన్న ఆరుగురూ ఆడవాళ్లే. అందులో విశాఖ స్వాతి గారు, హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి గారు ఉన్నారు. మీ ఆవిడని ఓసారి ముందుకి పంపి మీరు వెనక కూర్చోండి. ఎవరికి ఎంత టెన్షనో తెలుస్తుంది.

హుస్సేన్‌సాగర్_బ్యాచ్, ఆక్లాండ్

నేను హుస్సేన్‌సాగర్‌లో ఎంటర్‌ప్రైజ్ డింగీల (చిన్న తెరచాప పడవల) మీద నేర్చుకున్నా. అక్కడ జిబ్ గురించి ఇంత చర్చ ఉండేది కాదు. గాలి పెరిగితే బోల్తా పడేవాళ్లం, అయిపోయేది.

ఇప్పుడు అసలు విషయం. అన్నా, మీ గొడవ హ్యాంకులది కాదు, 150ది. ముందు తీగ అడుగు నుంచి మాస్ట్‌కి ఎంత దూరమో దానికి ఒకటిన్నర రెట్లు వెనక్కి వచ్చే చాప అది. వేసవిలో మీ బే మధ్యాహ్నానికి అదెందుకు? 110 వేసుకుని వెళ్లండి. పొద్దున రెండు గంటలు నెమ్మదిగా పోతారు, అంతే కదా. చాప తయారుచేసే వాళ్లతో ఆ 110కి ఒక రీఫ్ వరస, అంటే చాపని కొంత మడిచి చిన్నది చేసే కట్టు, కూడా వేయించుకోవచ్చు. హ్యాంకుల జిబ్‌కి రీఫ్ ఉండొచ్చని చాలామందికి తెలియనే తెలియదు.

ఫర్లర్ వేస్తే గాలిని బట్టి ఎంత కావాలంటే అంత చుట్టుకోవచ్చు అంటారు. చుట్టుకోవచ్చు, నిజమే. కానీ 150ని 90కి చుట్టి చూడండి. మధ్యలో సంచిలా పొట్ట వస్తుంది, పడవ గాలికి ఎదురు వెళ్లనంటుంది. ముందంచులో ఫోమ్ పట్టీ కుట్టిస్తే కొంత నయం. షీటు (చాపని లాగి పట్టే తాడు) లాగే చోటు కూడా ముందుకి జరపాలి, లేకపోతే పైన చాప కొట్టుకుంటూనే ఉంటుంది. నాకు ఫర్లర్ మీద 120 ఉంది, మూడో వంతు కంటే ఎక్కువ ఎప్పుడూ చుట్టను. అంచుకి ఎండ తగలకుండా కుట్టిన గుడ్డ ఇప్పటికి రెండుసార్లు మార్చా. ఆ లెక్క ఎవరూ ముందు చెప్పరు.

సాలెంట్_బాబాయ్, హాంబుల్

పద్మమ్మా, డౌన్‌హాల్ బాగానే ఉంది గానీ, చాప దింపాక గాలి తగ్గితే మళ్లీ లాగాలి, పెరిగితే మళ్లీ దించాలి. ఇంటిల్లిపాదితో వెళ్లినప్పుడు అంత ఓపిక ఎవరికి? నేను టీ కప్పు కింద పెట్టకుండా చుట్టేస్తాను.

చెసపీక్_పద్మ, అనాపొలిస్

హర్స్ట్ కాజిల్ దగ్గర కూడా టీ కప్పు చేతిలోనే ఉందా బాబాయ్ గారూ?

సాలెంట్_బాబాయ్, హాంబుల్

ఒలికిపోయింది.

కృష్ణాతీరం, అలమీడా

మూడు వారాల తర్వాత మళ్లీ వస్తున్నాను. అల్లుడు గారు అడిగిన ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. ఫోర్‌స్టే ఎప్పటిదో పాత ఓనర్‌కీ తెలియదు. కింద చివర, తీగ స్వేజ్‌లోకి (చివర నొక్కి బిగించిన లోహపు గొట్టంలోకి) దూరే చోట, గుడ్డతో తుడిచి చూశాను. గుడ్డకి ఏదో గుచ్చుకుని దారం లేచింది. ఒక పోగు తెగి బయటికి పొడుచుకొచ్చి ఉంది, సూది మొనంత. ఆ తీగ నమ్ముకునే ఆ ఆదివారం ఒరిగిపోయాం.

కాబట్టి తీగ ఎలాగూ మార్చాల్సిందే. మారుస్తున్నప్పుడే ఫర్లర్ కూడా వేసెయ్యమని రిగ్గర్ (మాస్ట్ తీగలు బిగించే అతను) అన్నాడు. రెండు రోజులు ఊగిసలాడాను. చివరికి తీగలు మాత్రం అన్నీ మార్పించాను, హ్యాంకులు ఉంచేశాను. పద్మ గారు చెప్పినట్టు డౌన్‌హాల్ వేశాను. మొదటిసారి కప్పీని తప్పు వైపు కట్టాను, తాడు హ్యాంకుల్లో ఇరుక్కుంది. రెండోసారి కుదిరింది.

రిగ్గర్‌గారి_అల్లుడు, శాన్ డియాగో

పోగు కనిపెట్టినందుకు సంతోషం. కానీ ఫర్లర్ విషయంలో నాది వేరే మాట. రెండేళ్లలో మీరు ఫర్లర్ వేస్తారు, అప్పుడు అదే కూలీ రెండోసారి ఇస్తారు. గొట్టంలో దాక్కున్న తీగని తనిఖీ చెయ్యడం కష్టమన్నది మాత్రం నిజం. మీ పోగు ఫర్లర్ డ్రమ్ము చాటున ఉండి ఉంటే గుడ్డకి దొరికేది కాదు.

కృష్ణాతీరం, అలమీడా

ఇస్తానేమో, కాదనను. నిన్న 110తో ఏంజెల్ ఐలాండ్ దాకా వెళ్లొచ్చాం. తిరుగు ప్రయాణంలో గాలి పెరిగినప్పుడు హాలియార్డ్ నేను వదిలాను, డౌన్‌హాల్ మా ఆవిడ లాగింది. చాప గుప్పుమని డెక్ మీద కూర్చుంది. "ఇంతేనా?" అంది. మావాడు దాని మీదికెక్కి పడుకోబోతే ఇద్దరం అరిచాం.

150 జెనోవా ఇప్పుడు గరాజ్ అటక మీద ఉంది. 27 అడుగుల పడవ ఉండి, గాలి తక్కువ ఉండే చోట తిరిగేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఊరికే ఇచ్చేస్తాను. హ్యాంకులు పదిహేను, అన్నీ పనిచేస్తాయి, పైనుంచి నాలుగోది మాత్రం కాస్త గట్టి.

చెసపీక్_పద్మ, అనాపొలిస్

జూలైలో మా దగ్గర వాన లేనప్పుడు ఆకు కూడా కదలదు. నాకు కావాలి. ముందంచు పొడవెంతో కొలిచి చెప్పండి, మా పడవకి సరిపోతే పంపే ఖర్చు నాది.

కృష్ణాతీరం, అలమీడా

శనివారం టేపు పట్టుకెళ్లి కొలుస్తాను.